పన్నెండు బుధవారాలు

పోయిన వారం కథ ఎక్కడ ఆగిందో గుర్తున్నవాళ్ళు ఈ పేరా దాటేయవచ్చు. మిగతావాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. పరీక్షకి కూర్చోనివ్వనివాళ్ళ జాబితా నోటీసు బోర్డు మీద అంటించారు. అందులో ఒకే ఒక్క నంబరు ఉంది, నలభై ఏడు. ఆ నంబరు పిల్ల రెండో సంవత్సరం మెకానికల్ చదువుతోంది. ఎడమచేత్తో పని చేస్తుంది గనక వర్క్‌షాపులో అందరూ ఆమెని ఎడంచెయ్యి అనే పిలుస్తారు. తరగతి హాజరు నలభై ఒక్క గంటలు తగ్గింది. ఆ గంటలన్నీ ఆమె ఫిట్టింగ్ షాపులో ఇనుము అరగదీస్తూ గడిపింది. చేతిపని గంటలు కూడా హాజరులో కలుపుతామని కాలేజీయే డప్పు కొట్టి చెప్పింది, మెంటర్ సంతకం ఉంటే చాలంది. మెంటర్ మాత్రం సంతకం పెట్టలేదు. ఇవాళ నాలుగింటికి జాబితా విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోతుంది. వెళ్ళిందంటే పిల్లకి ఏడాది చదువు పోయినట్టే. ఫిట్టింగ్ షాపు నడిపే మేడమ్, నాలుక పదును చూసి పిల్లలు ఆకురాయి అని పేరు పెట్టుకున్న మనిషి, ఆ సంతకం తెచ్చి తీరుతానని పిల్లకి మాటిచ్చి, చంకలో ఒక లావుపాటి పుస్తకం పెట్టుకుని బయల్దేరింది. అప్పటికి మధ్యాహ్నం రెండుంబావు.

కాలేజీ ముందు భవనంలో అడుగు పెట్టగానే ఆమెకి ఒళ్ళు మండింది. ఎక్కడ చూసినా బాణాలే. గోడల మీద బాణాలు, నేల మీద బాణాలు, మెట్టు మెట్టుకీ ఒక బాణం. తనిఖీ కమిటీ వస్తోందని వారం రోజులు కూర్చుని అతికించారు. ప్రతి బాణం కిందా ఒక నీతివాక్యం. ఒక బాణమైతే తాళం వేసిన మరుగుదొడ్డి వైపు చూపిస్తోంది. దాని కింద ‘నీ లక్ష్యం అటే’ అని రాసి ఉంది.

ఇదంతా దిక్సూచి నిర్వాకం. ఆయన పేరూ డిగ్రీలూ హోదా కలిపి గది తలుపు మీద నాలుగు వరుసలు ఉంటాయి గానీ పిల్లలకి ఆయన దిక్సూచే. ఎక్కడ మైకు దొరికినా “నేను మీకు దారి చూపించను, దిక్కు మాత్రమే చూపిస్తాను” అని మొదలుపెట్టి గంటసేపు ఊకదంపుడు దంచుతాడు. మెంటర్ విభాగానికి అధిపతి. ఒక్కో మెంటరుకి ఇరవై మంది పిల్లలు. వాళ్ళు చేరిన రోజు నుంచి బయటికెళ్ళే రోజు దాకా కనిపెట్టుకుని ఉండాలి, కష్టసుఖాలు వినాలి, పుస్తకంలో చదివింది చేతులతో చేయించాలి. పథకం మంచిదే. ఆకురాయి కూడా మొదట్లో మంచిదే అనుకుంది. ఆ తర్వాత దిక్సూచి దానికి ఎనభై నాలుగు పేజీల మార్గదర్శిని రాశాడు. అందులో చెయ్యి అనే మాట పేజీకి నాలుగుసార్లు వస్తుంది, చేతికి మసి అంటుకునే సంగతి ఎక్కడా రాదు. రాసిన మనిషి జన్మలో ఒక మేకు గోడకి దిగ్గొట్టిన పాపాన పోలేదు. తన గదిలో గడియారం తగిలించడానికి మేకు కావలసివస్తే వర్క్‌షాపుకి లేఖ రాశాడు, రెండు ప్రతులు.

ఆకురాయికి తెలిసిన మార్గదర్శకత్వం వేరు. పిల్లల వెనకాల నిలబడుతుంది. తప్పు చేసేదాకా నోరెత్తదు. చేశాక నోరు మూయదు. ఎడంచెయ్యిని కూడా మొదటి వారమంతా చెయ్యి మార్చమని చెడామడా తిట్టింది. ఎనిమిదో రోజున ఆ పిల్ల అరగదీసిన ఇనపదిమ్మె మీద మూలమట్టం పెట్టి వెలుతురుకి ఎత్తి చూసింది. వెంట్రుకవాసి సందు కూడా కనబడలేదు. “సరేలే, నీ చేత్తోనే ఏడువు” అంది. ఆకురాయి నోట అంతకంటే పెద్ద మెచ్చుకోలు పందొమ్మిదేళ్ళలో ఎవరూ వినలేదు.

ఆ పిల్లే ఇవాళ పొద్దున జాబితా చూసొచ్చి, కన్నీళ్ళూ అవీ ఏమీ లేకుండా, “సంతకం వద్దులెండి మేడమ్. అద్దాల బీరువాలో పెట్టిన నా ప్రెస్సు నాకిప్పించండి చాలు. పిన్ని షాపులో పెట్టుకుని బతుకుతాం” అంది. పిన్ని అంటే ఆమెని పెంచిన పిన్ని. సంచులు కుట్టే చిన్న షాపు నడుపుతుంది. సంచుల మూతికి నొక్కుడు బటన్లు బిగించడానికి ఎడంచెయ్యి చేసిన చేతి ప్రెస్సు అది. మూడు నెలల పని.

సభామందిరం ముందు వసారాలో అద్దాల బీరువా నిలబెట్టి ఉంది. దాని పక్కన బల్ల, బల్ల పక్కన దిక్సూచి, ఆయన ముందు కమిటీవాళ్ళు ముగ్గురు. ఇద్దరు మగవాళ్ళు ఏం చెప్పినా తలలూపుతున్నారు. మూడో ఆవిడ కమిటీ పెద్ద. అరవై దాటి ఉంటాయి. తలూపడం లేదు. ఆవిడ ఎడమ బొటనవేలి మీద అడ్డంగా పాత కోత మచ్చ ఉంది. అలాంటి మచ్చ కాగితాలు తిప్పితే రాదని ఆకురాయికి తెలుసు.

“మా విద్యార్థులు జ్ఞానాన్ని తల నుంచి చేతుల్లోకి ప్రవహింపజేస్తారండీ. మేం ఆ ప్రవాహానికి దిక్కు చూపిస్తాం, అంతే” అంటున్నాడు దిక్సూచి.

“ఆ ప్రెస్సు బయటికి తీస్తారా?” అంది పెద్దావిడ.

దిక్సూచి కోటు జేబులోంచి తాళంచెవి తీసి, బీరువా తెరిచి, రెండు చేతులా ప్రెస్సు మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. దాని మెడలో ఒక అట్ట చీటీ వేలాడుతోంది. ‘విద్యార్థి బృందం. మెంటర్ విభాగాధిపతి గారి మార్గదర్శకత్వంలో’. బృందమట! ఆకురాయి పళ్ళు నూరింది గానీ కాసేపు ఆగింది. తప్పు చేసేదాకా ఆగడం ఆమెకి అలవాటే.

“పని చేస్తుందా?”

“బ్రహ్మాండంగా చేస్తుందండీ!”

“అయితే చేసి చూపించండి.”

దిక్సూచి కోటు సవరించుకున్నాడు. ప్రెస్సు ముందు నిలబడి కుడిచెయ్యి చాపాడు. కుడిపక్కన పట్టుకోవడానికేమీ లేదు. లివర్ ఎడంపక్కన ఉంది. కుడిచేతిని ప్రెస్సు మీదుగా అవతలికి పోనిచ్చాడు, అందలేదు. చుట్టూ తిరిగి వెళదామని చూశాడు, బల్ల అడ్డొచ్చింది. చివరికి ఎడమచేత్తో లివర్ పట్టుకుని, నిలదొక్కుకోవడానికి కుడిచెయ్యి ప్రెస్సు నోట్లో ఆనించి, బలంగా కిందికి లాగాడు. వేళ్ళు తప్పించుకున్నాయి, కోటు అంచు తప్పించుకోలేదు. అచ్చులో ముందే ఎక్కించి ఉన్న బటన్ టక్కుమని దిగింది. కాలేజీలో అందరికంటే ఖరీదైన కోటు చేతికి తళతళలాడే నొక్కుడు బటన్ ఒకటి మొలిచింది.

తలలూపే ఇద్దరిలో ఒకాయన దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు.

“పని చేస్తోంది” అంది పెద్దావిడ, నవ్వకుండానే. “లివర్ ఎడంపక్కన ఎందుకు పెట్టారు?”

“అదీ...” దిక్సూచి ఆ చేతిని వెనక్కి దాచుకున్నాడు. “ఎడమచేతిని వాడితే మెదడు కుడిభాగం ఉత్తేజితమవుతుందండీ. సృజనాత్మకత! మా మార్గదర్శిని ఏడో అధ్యాయంలో...”

“వాళ్ళ పిన్నికి కుడి మణికట్టు తిరగదండి” అంది ఆకురాయి.

అందరూ అటు తిరిగారు. చంకలో పుస్తకం, చీర కొంగు నడుముకి దోపి, మోచేతుల దాకా నూనె మరకలతో నిలబడి ఉంది.

“మీరెవరమ్మా?” అంది పెద్దావిడ.

“ఫిట్టింగ్ షాపు మేడమ్‌నండి. ఈ ప్రెస్సు చేసింది ఏ బృందమూ కాదు. ఒకే ఒక్క పిల్ల. నలభై ఏడో నంబరు. వాళ్ళ పిన్ని బటన్లు బిగించాలి, ఆవిడకి కుడి మణికట్టు విరిగి సరిగ్గా అతకలేదు. అందుకని లివర్ అటు పెట్టింది. దాని కోసం తొంభై ఆరు గంటలు షాపులో నిలబడి పని చేసింది. అందుకు బహుమానంగా ఆ పిల్లని పరీక్ష రాయనివ్వడం లేదు. మెంటర్ గారు ఒక సంతకం పెడితే రాస్తుంది. మెంటర్ గారు వీరే.”

దిక్సూచి తొణకలేదు. ఇలాంటివాళ్ళు బటన్లకి తడబడతారు గానీ కాగితాల దగ్గర మహా స్థిమితంగా ఉంటారు. “మేడమ్ గారి ఆవేదన నేను అర్థం చేసుకోగలను” అంటూ బల్ల కింది నుంచి నీలం అట్ట రిజిస్టరు తీశాడు. “కానీ ఈ విద్యార్థిని విషయంలో మేం చేయగలిగిందంతా చేశాం. ప్రతి బుధవారం పదకొండు నుంచి పన్నెండు దాకా మెంటర్ గంట. పన్నెండు బుధవారాలు ఆ అమ్మాయిని నా గదిలో కూర్చోబెట్టి మాట్లాడాను. వినండి. ‘విద్యార్థిని వర్క్‌షాపులో కాలం వృథా చేస్తోంది. తరగతులకు హాజరు కావాలని సూచించాను. అంగీకరించింది.’ మళ్ళీ తర్వాతి వారం, ‘సూచించాను, అంగీకరించింది.’ ఏడో వారం చూడండి. ‘తన పొరపాటు గ్రహించి కంటతడి పెట్టుకుంది.’ ఇంత చెప్పాక కూడా మారకపోతే ఎలా సంతకం పెట్టనండీ? నాకూ మనస్సాక్షి ఉంది కదా.”

ఆకురాయి ఆ పేజీల వంక చూసింది. ఒక వారం నీలం సిరా, ఒక వారం నలుపు, ఒక వారం ఆకుపచ్చ. రకరకాల రోజుల్లో రాసినట్టు కనబడాలని పెన్నులు మార్చాడు. రాత మాత్రం ఒకే గుక్కలో ముందుకి ఉరికిన రాత. పన్నెండు వారాల కబుర్లూ ఒక పూటలో కూర్చుని అల్లేశాడన్నమాట. అల్లితే అల్లాడు, రాని పిల్ల చేత కన్నీళ్ళు కూడా పెట్టించాడు.

“సార్, చిన్న సందేహం” అంది. “పన్నెండు సార్లు ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. మీరు చెప్పింది ఆ పిల్ల రాసుకుందా?”

“ప్రతి అక్షరం రాసుకుంది.”

“ఏ చేత్తో రాసుకుంది?”

దిక్సూచి జాలిగా నవ్వాడు. “అందరిలాగే కుడిచేత్తో, మేడమ్. ఇదేం ప్రశ్న?”

“ఆ పిల్ల అన్నం తినడం తప్ప ఇంకేదీ కుడిచేత్తో చెయ్యదు సార్. షాపులో చిన్నా పెద్దా అందరూ దాన్ని ఎడంచెయ్యి అనే పిలుస్తారు. ఒక్కసారైనా మొహం చూసుంటే మీకూ తెలిసేది.”

పప్పులో కాలేసిన సంగతి దిక్సూచికి అర్థమైంది. ఆకురాయి ఆగలేదు. చంకలోని పుస్తకం బల్ల మీద వేసి తెరిచింది. అది పనిముట్ల పుస్తకం. ఫిట్టింగ్ షాపులో ఒక పద్ధతుంది. చేరినప్పుడు ప్రతి పిల్లకీ తన నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళలు ఐదు ఇస్తారు. గోడ మీద పనిముట్లన్నీ నంబర్లు వేసిన కొక్కేలకి తగిలించి ఉంటాయి. ఏది తీసుకున్నా ఆ కొక్కేనికి నీ బిళ్ళ తగిలించాలి. తిరిగిచ్చి బిళ్ళ తీసుకోవాలి. ఇచ్చిన టైమూ పుచ్చుకున్న టైమూ స్టోర్ చూసే బాబాయ్ పుస్తకంలో ఎక్కిస్తాడు. కాలేజీ వదిలిపోయే రోజున ఐదు బిళ్ళలూ అప్పజెప్పాలి. బిళ్ళ బయట ఉందంటే మనిషి లోపల ఉన్నట్టు.

“ఇవిగోనండి ఆ పన్నెండు బుధవారాలు” అంది పెద్దావిడతో. “నలభై ఏడో నంబరు. పదీ నలభైకి రంపం తీసుకుంది, పన్నెండున్నరకి ఇచ్చింది. పై వారం పదిన్నరకి పెద్ద ఆకురాయి, ఒంటిగంటకి ఇచ్చింది. ఇదిగో ఏడో వారం, సార్ గదిలో కన్నీళ్ళు పెట్టుకుంటున్న టైముకి ఇక్కడ డ్రిల్లు తిప్పుతోంది. ఆ పూట నేనే దాన్ని తిట్టాను, అప్పుడు కూడా ఏడవలేదు.”

పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుంది. ఒక్కో బుధవారం మీదా వేలు పెట్టి ఇటూ అటూ చూస్తూ వెళ్ళింది. తలలూపేవాళ్ళు ఊపడం మానేశారు. దిక్సూచి తల దించుకుని బటన్ మొలిచిన కోటు చెయ్యి లాక్కుంటున్నాడు. ఆకురాయికి కడుపు నిండినట్టయింది. ఇలాంటి మనిషిని ఇలా నిలబెట్టి చూడాలని ఎన్నాళ్ళ నుంచో ఉంది.

అప్పుడు దిక్సూచి మెల్లగా తల ఎత్తాడు.

“సరే. నా రాత అబద్ధమే అనుకుందాం. మరి ఈ సంతకం ఎవరిది మేడమ్?”

రిజిస్టరు పేజీ అడుగున వేలు పెట్టాడు. ‘చేతిపని సహ మెంటర్. పై సమావేశాలు జరిగినట్టు ధ్రువీకరిస్తున్నాను.’ దాని కింద ఒక సంతకం. దాని పక్కన, కాగితం అంచున, బొటనవేలి వెడల్పున నూనె మరక.

ఆకురాయి ఆ మరక చూసింది. తర్వాత తన బొటనవేలు చూసుకుంది.

కిందటి నెల. గుమాస్తా ఇంకా అట్ట వేయని రిజిస్టరు కాగితాల కట్ట తెచ్చి “సంతకాలు మేడమ్, అర్జెంటు” అన్నాడు. ఆమె నూనెరాయి మీద ఉలి నూరుతోంది. దిక్సూచి గారి చెత్త, దీన్ని చదివే టైములో రెండు ఉలులు నూరుకోవచ్చు అనుకుంది. చెయ్యి కూడా తుడుచుకోలేదు. నలభై కాగితాల మీద నాలుగు నిమిషాల్లో బరబరా గీకి పారేసింది. పైగా బాబాయ్ దగ్గర గొప్పలు పోయింది, “చూశావా బాబాయ్, ఆయన నెల్లాళ్ళు రాసింది నేను నాలుగు నిమిషాల్లో వదిలించుకున్నా” అని. తూతూ మంత్రంగా పని చేసేవాళ్ళని జీవితమంతా చీదరించుకున్న మనిషి, ఒక పిల్ల ఏడాదిని అలా గీకి పారేసింది. వెంట్రుకవాసి సందు కోసం ఇనుముని వెలుతురుకి ఎత్తి చూసే కళ్ళు ఆ కాగితం వంక చూడనైనా లేదు. దిక్సూచి కనీసం మూడు పెన్నులు మార్చే ఓపిక చేసుకున్నాడు. తను అది కూడా చేయలేదు. ఆమెకి తన మీద తనకే పరమ అసహ్యం వేసింది.

“మీదేనా?” అంది పెద్దావిడ.

దిక్సూచి గొంతు తగ్గించాడు. “మేడమ్ గారు పనుల ఒత్తిడిలో మరిచిపోయి ఉంటారండీ. పందొమ్మిదేళ్ళుగా ఏటేటా మేమే పొడిగిస్తున్నాం వారి ఉద్యోగం. ఈ ఏటి ఆర్డరు కూడా నా టేబుల్ మీదే ఉంది. ఇవాళే సంతకం పెడదామనుకుంటున్నాను.” ఆకురాయి వైపు తిరిగాడు. “మీరు ధ్రువీకరించినట్టు సమావేశాలు జరిగాయి. మీ పుస్తకంలోనే ఏదో టైములు తారుమారయ్యాయి. అంతే కదా మేడమ్?”

వసారా చివర ఎవరో నడిచిన చప్పుడైంది. ఆకురాయి తిరిగి చూడలేదు. చూసి ఉంటే ఈ కథ ఇక్కడితో సుఖంగా అయిపోయేదేమో.

“ఆ సంతకం నాదే” అంది.

ఆ ముక్క దగ్గర ఆగిపోయింది. భర్త పోయాక ఇంట్లో ఒక్క జీతం, అదీ ఆమెదే. నలుగురూ ఆమె మొహం వంక చూస్తున్నారు. అడుగుల చప్పుడు దూరమైపోయింది. గోడ గడియారం ఎంతసేపు టిక్కుటిక్కుమందో ఆమెకి తెలియదు.

“సంతకం నాదే, కానీ చదవకుండా పెట్టాను” అంది చివరికి. “ఆ సమావేశాలు జరగలేదు. ఆయన రాసింది అబద్ధం, నేను ధ్రువీకరించింది అబద్ధం. ఆయనకి సిగ్గు లేదు, నాకు పొగరు. ఏం రాసుకుంటారో రాసుకోండి. పిల్ల గంటలు మాత్రం నిజం.”

దిక్సూచి మొహం పాలిపోయింది. ఈవిడ ఇంత పిచ్చిదని ఆయన అనుకోలేదు. తన ఉద్యోగం తానే పోగొట్టుకునే మనుషుల గురించి మార్గదర్శినిలో అధ్యాయమేదీ లేదు మరి.

పెద్దావిడ రెండు పుస్తకాలూ మూసేసింది. మెచ్చుకోలుగా చూస్తుందేమోనని ఆకురాయి ఎక్కడో ఓ మూల ఆశపడింది. అలాంటిదేమీ లేదు.

“ఇద్దరూ ఇద్దరే” అంది పెద్దావిడ. “ఈయన కూర్చుని కాకిలెక్కలు రాస్తాడు, మీరు నిలబడి ముద్ర వేస్తారు. మధ్యలో పిల్ల నలిగిపోవాలి. మీ కాగితాల మీద నాకిక నమ్మకం లేదు, మీ పనిముట్ల పుస్తకంతో సహా. ఆ అమ్మాయిని తీసుకురండి. ఈ ప్రెస్సు నా కళ్ళ ముందు మొత్తం విప్పి, మళ్ళీ బిగించి, ఒక బటన్ నొక్కి చూపించమనండి. చేసిన మనిషికే అది చేతనవుతుంది. చేస్తే ఆ తొంభై ఆరు గంటలూ నేనే రాసి సంతకం పెడతాను, పిల్ల పరీక్ష రాస్తుంది. మూడున్నరకి. మేం పైన ప్రిన్సిపాల్ గారి గదిలో టీ తాగుతుంటాం. మీ ఇద్దరి సంగతి ఆ తర్వాత రాస్తాను.”

“ప్రెస్సు ఎక్కడుంచమంటారండీ?” అన్నాడు దిక్సూచి.

“ఎక్కడి నుంచి తీశారో అక్కడే. తాళం వేసి చెవి నాకివ్వండి. మూడున్నర దాకా దాని మీద ఎవరి చెయ్యీ పడకూడదు. పడితే ఆ కాస్త సాక్ష్యమూ పోయినట్టే, నేను చేయగలిగిందేమీ ఉండదు.”

ఆకురాయి పరిగెత్తింది. యాభై నాలుగేళ్ళ మోకాళ్ళు వద్దంటున్నా పరిగెత్తింది. వెనకదారిన సైకిళ్ళ షెడ్డు పక్క నుంచి అడ్డంగా పడి వర్క్‌షాపు చేరేసరికి రొప్పు వచ్చింది. మూడు గంటల ఐదు నిమిషాలు. షాపులో బెంచీలన్నీ ఖాళీ. స్టోర్ కిటికీ వెనక బాబాయ్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ ఏదో ఒకటి తుడుస్తూ ఉండే మనిషి ఊరికే కూర్చున్నాడు.

“బాబాయ్, ఎడంచెయ్యి ఏది? పిలు దాన్ని, త్వరగా! సంతకం దొరికినట్టే.”

బాబాయ్ వింతగా చూశాడు. “నీకోసమే వచ్చిందిగా అక్కడికి. కనబడలేదా?”

“ఎక్కడికి?”

“అదే, ఆ వసారాలోకి. నువ్వు ఆలస్యం చేస్తున్నావని నేనే పంపించా. పావుగంట క్రితం తిరిగొచ్చింది. మొహంలో నెత్తుటి చుక్క లేదు. ‘ఏమైందే’ అంటే, ‘సార్ గదిలో నాతో సమావేశాలు జరిగాయని రాశారంట బాబాయ్. కింద సంతకం మేడమ్‌ది. నాదేనని ఆవిడే చెప్పారు, నా చెవులతో విన్నా’ అంది. నిజమేనా తల్లీ అది?”

ఆకురాయికి ఆ అడుగుల చప్పుడు గుర్తొచ్చింది. తను మాట మింగి నిలబడ్డంతసేపట్లో అవి వెళ్ళిపోయాయి. పిల్ల మొదటి ముక్క విన్నది, రెండో ముక్కకి ఆగలేదు. ఆగేలా తను చెప్పలేదు.

“నిజమే” అంది. “కానీ మొత్తం వినలేదు. ఇప్పుడెక్కడుంది?”

“ఇప్పుడే ముందుదారిన బయటికెళ్ళింది. కాలేజీ వదిలి వెళ్ళిపోతానంది, బిళ్ళలు ఇచ్చేసింది. వద్దే, మేడమ్ వచ్చేదాకా ఉండమన్నా. ‘పిన్ని ఎదురుచూస్తుంటుంది, నాది నేను తీసుకుని పోతా’ అంది. పుస్తకంలో ఎక్కిద్దామంటే పుస్తకం నీ దగ్గరుందాయె.”

కిటికీ బల్ల మీద ఇనప తీగకి గుచ్చిన ఇత్తడి బిళ్ళలు ఉన్నాయి. ప్రతి దాని మీదా నలభై ఏడు. వాడి వాడి అంచులు నునుపు తేలాయి. ఆకురాయి వాటిని అరచేతిలోకి తీసుకుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్ళీ లెక్కపెట్టింది. నాలుగే.

“ఐదోది ఏది బాబాయ్?”

“ఐదూ ఇచ్చాననే అంది. నేను లెక్క చూడలేదు తల్లీ, చూడబుద్ధి కాలేదు.”

ఆకురాయి గోడ వైపు తిరిగింది. ఆకురాళ్ళు వరుసగా ఉన్నాయి. రంపాలున్నాయి. సుత్తులు చిన్నవీ పెద్దవీ అన్నీ ఉన్నాయి. ‘నాది నేను తీసుకుని పోతా’ అన్న మాట అప్పుడు ఆమె బుర్రకెక్కింది. వసారా ఇప్పుడు ఖాళీ. అందరూ పైన టీ తాగుతున్నారు. అద్దాల బీరువాకి తాళం వేసి ఉంది.

వరుస చివర, నేలకి దగ్గరగా ఉన్న నలభయ్యో నంబరు కొక్కేనికి నలభై ఏడు అని చెక్కిన ఇత్తడి బిళ్ళ వేలాడుతోంది, ఇంకా కొంచెం ఊగుతూనే ఉంది. అక్కడ ఉండాల్సిన సమ్మెట లేదు.